ఒంటె వెనక కాళ్లు

మా చర్చిలో దేవదూతలందరూ తెల్లగా ఉండేవారు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. పాల్వంచలో థర్మల్ స్టేషన్ బూడిద అందరి డాబాల మీదా సమానంగానే రాలేది కానీ, క్రిస్మస్ నాటకంలో రెక్కలు మాత్రం ఏటా తెల్లపిల్లలకే దక్కేవి.

తొమ్మిదో తరగతిలో ఆ రెక్కలు నాకు కావాలనిపించింది. దేవదూతల పాటలన్నీ నోటికొచ్చు. అక్టోబరులో వేషాలు పంచుతూ సండేస్కూల్ టీచరమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నువ్వు జ్ఞానివి," అంది. తూర్పు నుంచి కానుకలు తెచ్చే ముగ్గురు జ్ఞానుల్లో ఒకరు నల్లగా ఉండాలట. "నీకైతే రంగు గూడ పుయ్యనక్కర్లే బిడ్డా. దూది గడ్డం ఒక్కటి అతికిస్తే అయిపాయె."

అంత జ్ఞానం నాకొద్దని ఇంటికొచ్చి ఏడ్చాను.

మా అమ్మ ఓదార్చే రకం కాదు, పని చేసే రకం. "ఏడిస్తే ఇంకింత నల్లగైతవ్, లే," అని మెడికల్ షాపుకు తీసుకెళ్లింది. పక్క క్వార్టర్ ఆంటీ కూతురికి పెళ్లిచూపుల ముందు ఏదో తామర ట్యూబు రాస్తే తెల్లబడిందని విన్నదట. షాపాయన మర్యాదస్తుడు. "తామర ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. అమ్మ నా దవడ పట్టుకొని ముఖం ఆయన వైపు తిప్పింది.

"గిదే," అంది.

ఆయనకు అర్థమైంది. డాక్టరు చీటీ కూడా అడగలేదు.

రోజూ స్నానం చేశాక రాసుకున్నాను. మూడో వారానికి నిజంగానే తెల్లబడ్డాను. ముఖం ఒక్కటే. మెడ ఇంకా పాత ఊళ్లోనే ఉండిపోయింది. షేర్ ఆటోలో ఆంటీలు, "ఏందే, గిట్ల మెరుస్తున్నవ్?" అని పక్కన చోటిచ్చేవారు. అంతకుముందు చోటు లేదని కాదు, జరగాలని తోచేది కాదంతే. టీచరమ్మ నన్ను చూసి దేవుడికి స్తోత్రం చెప్పి, టేపు తెచ్చి భుజాలు కొలిచింది. జ్ఞాని గడ్డం ఇంకో పిల్లకు వెళ్లింది. నాకు థర్మకోల్ రెక్కలు ఖాయమయ్యాయి. ఆ వారమంతా వీపు నిటారుగా పెట్టుకొని నడిచాను.

డిసెంబరు మొదట్లో ముఖం మండటం మొదలైంది. ఎండలోకి వస్తే ఎర్రబడేది, తర్వాత నీడలో కూడా ఎర్రగానే ఉండేది. మొటిమలు గుంపులుగా వచ్చాయి. చెంపల మీద, పెదవి పైన సన్నటి వెంట్రుకలు మొలిచాయి. జ్ఞానిగా ఉండిపోయుంటే చర్చికి దూది మిగిలేది.

దవాఖానాలో డాక్టరు ముఖమూ ట్యూబూ చూసి, "ఇది ఎవరు రాయమన్నరు?" అన్నాడు.

"అదే రాసుకుంది సార్," అంది అమ్మ, నా వైపు చూడకుండా. "మన మాట ఎక్కడింటది."

నేను అవునని తలూపాను. ట్యూబు ఆపితే తగ్గుతుందని, కొన్నాళ్లు పడుతుందని ఆయన అన్నాడు. క్రిస్మస్ అన్నాళ్లు ఆగదు కదా.

టీచరమ్మకు జాలి ఎక్కువ. నన్ను తీసెయ్యలేదు. ఒంటెలో వేసింది. ఒంటె అంటే రెండు గోధుమరంగు దుప్పట్లు, ఇద్దరు పిల్లలు. ముందు కాళ్ల పిల్ల ముఖం మెడ దగ్గర కంతలోంచి కనబడుతుంది. "వెనక కాళ్లది ఎవలకు కనబడదు బిడ్డా. నీకు మంచిగుంటది," అంది.

నాటకం రోజు పక్క తెర వెనక, దుప్పటి కింద వంగి, ముందు పిల్ల నడుము పట్టుకొని నిలబడ్డాను. నాకన్నా రెండు క్లాసులు చిన్నది, నా పాత రంగుది. స్టేజీ మీద దేవదూతలు పాడుతున్నారు. రెండో చరణం తప్పు పాడారు.

"అక్కా, ఒకటి అడగనా?" అంది ఆ పిల్ల గుసగుసగా. "ఏం రాసినవ్?"

"నా ముఖం చూసినవా?"

"చూసిన. గిప్పటిది కాదక్కా. మొదట్ల మస్తు తెల్లగైనవ్ గదా, అది."

చెప్పకుండా ఉండొచ్చు. ఆ పిల్ల అడిగిన తీరు నాకు తెలుసు, రెండు నెలల కింద నేనూ అంతే. కానీ నడుము నొస్తోంది, ముఖం దుప్పటికి రాసుకొని మండుతోంది. నేనొక్కదాన్నే ఎందుకు అనిపించింది. ట్యూబు పేరు చెప్పాను. షాపు ఏ లైన్లో ఉందో చెప్పాను. అడిగితే తామర అని చెప్పమన్నాను.

"థాంక్సక్కా," అంది. మా వంతొచ్చింది, నడిచాం.

మరుసటి క్రిస్మస్‌కు నా ముఖం చాలావరకు పాత రంగుకు వచ్చింది. నాటకంలో చేరలేదు, కుర్చీల్లో అమ్మ పక్కన కూర్చున్నాను. దేవదూతల్లో ఆ పిల్ల కోసం వెతికాను. లేదు. జ్ఞానుల్లో లేదు. ఒంటె వచ్చింది. కంతలో వేరే ముఖం.

వెనక కాళ్లు స్టేజీ మధ్యలో ఒకసారి తడబడ్డాయి. జనం గొల్లుమన్నారు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.