వెలుతురుకు బొట్టు పెట్టి రాజమండ్రి వెళ్ళొచ్చాం

మా మనవరాలు సుధ ఎమ్మెస్సీ ఆఖరు పరీక్షకు తను కట్టిన యంత్రం చూపించాలి. అది ఆడకపోతే ఇంకో ఏడాది చదవాలి, హాస్టలుతో సహా. అందుకే నేనూ బయలుదేరాను.

పిఠాపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కాం. యంత్రం ఉన్న పెట్టె నా ఒళ్ళో పెట్టుకున్నాను. పులిహోర కట్టుకొచ్చాను కాబట్టి టీ అబ్బాయిని దగ్గరికి రానివ్వలేదు.

"పెట్టెలో ఏంటండి మామ్మగారూ?" అంది ఎదుటావిడ.

"వెలుతురును తిప్పే మిషనమ్మా."

"కరెంటు లేకపోతే మాకూ పనికొస్తుందాండి?"

సామర్లకోటలో ఒకామె కిటికీ అడ్డ ఊచల్లోంచి చేట లోపలికి ఇవ్వబోయింది. నిలువుగా పెడితే పట్టలేదు, పడుకోబెట్టి తోస్తే దూరింది. సుధ నన్ను పొడిచి, "చూశావా మామ్మా! వెలుతురు కూడా ఊగుతూ వెళుతుంది. నా నల్లరేకు ఒక వైపు ఊగేదాన్నే దూరనిస్తుంది. అలాంటిదే ఇంకో రేకు అడ్డంగా తిప్పి పెట్టాను. రెండింటి మధ్యలో సన్న గాజుముక్క సరిగ్గా వణికితే ఆ ఊపు పక్కకు తిరిగి, రెండో రేకులోంచి కూడా బయటికి వస్తుంది" అంది. నాకు చేట వరకే అర్థమైంది.

పది దాటాక కాలేజీకి చేరాం. నేను వరండాలో కూర్చున్నాను. కాసేపటికి లోపల్నించి కేక: "మామ్మా!"

పరిగెత్తాను. మిషనులోంచి వచ్చి గోడమీద పడాల్సిన ఎర్ర వెలుతురు చుక్క పడలేదు. సుధ గాజుముక్కను చూపించింది. దాని చివర పసుపు, కుంకుమ. పొద్దున సుధ స్నానానికి వెళ్ళినప్పుడు నేనే పెట్టి మూత వేశాను.

"గాజుకి బొట్టేంటి మామ్మా!"

"నీళ్ళ మోటారుకి పెట్టలేదా? కుట్టుమిషనుకి పెట్టలేదా? దీనికెందుకు పెట్టకూడదు?"

"దీనిమీద చీమ ఎక్కినా వణుకు మారిపోతుంది!"

తుడవబోయింది. చెయ్యి పట్టుకున్నాను. "అమ్మవారి కుంకుమ. ముందు కళ్ళకద్దుకో."

అద్దుకుంది. పరీక్ష చేసే పెద్దాయన కూడా కళ్ళజోడు తీసి అద్దుకున్నారు. నా కొంగు తడిపి తుడిచాను. మిషను వెయ్యగానే గోడమీద చుక్క వెలిగింది.

పెద్దాయన గోడ దగ్గరికి వెళ్ళి చుక్కను చూశారు. "మళ్ళీ పెట్టండమ్మా" అన్నారు. సంచిలోంచి కుంకుమ పొట్లం తీశాను.

పెట్టాను. చుక్క పోయింది. తుడిచాను. వచ్చింది.

"సగం బొట్టు పెట్టండి."

చుక్క మసకగా వెలిగింది. ఎందుకలా అవుతుందో సుధ ప్రతిసారీ చెబుతూనే ఉంది.

"పావు బొట్టు?"

"అయ్యా, ఇది పుణ్యక్షేత్రం కుంకుమండి. మీ లెక్కలకి తెచ్చింది కాదు" అన్నాను. ఆయన అప్పటికే పొట్లం అందుకున్నారు. పరీక్ష అయ్యేసరికి పొట్లం ఖాళీ. ఆయన నుదుటిమీద మాత్రం నిండు బొట్టు. "బాగా చెప్పావమ్మా, పాసు" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం బండిలో సీటు దొరికింది. కడియం దాటుతుంటే సుధ, "ఈసారి పెట్టవుగా మామ్మా?" అంది.

"పెడతాను. పెట్టె మూతకి పెడతాను."

"కుంకుమ అయిపోయిందిగా!"

కొంగు తీసి చూపించాను. తుడిచిందంతా అక్కడే ఉంది. సీసాలోని చివరి నీళ్ళచుక్కతో తడిపి, వేలితో తీసి మూతకి పెట్టాను. మీలో ఎవరైనా ఇలాంటి మిషనుతో బయలుదేరితే బొట్టు మానకండి. లోపల మాత్రం వద్దు.