అక్కకు లాగిన్ లేదు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హిందూపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒక సావుకారు మాతో సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాడు. ఆయన మగ్గాలు ధర్మవరంలో, పట్టునూలుకు రంగులు వేసే షెడ్డు పెనుకొండలో, టోకు అంగడి హిందూపురంలో. మూడు ఊళ్ల పనీ ఒకే చోట కనబడాలి. కానీ అందరికీ అన్నీ కనబడకూడదు. ఎవరు ఏది చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, చివరి మాట ఎవరిది అన్నది తేల్చి యూజర్ రోల్స్ రాయడం నాకు అప్పగించిన పని.

అది ఆఫీసులో కూర్చుంటే తేలేది కాదు. పొద్దున ప్యాసింజర్ ఎక్కి ధర్మవరం పోయేవాణ్ణి. సావుకారు ఇంటి ముందుగదిలో ఓ మూల కూర్చుని, ఎవరు ఎవరిని ఏం అడుగుతున్నారో చూసేవాణ్ణి. అందరూ అడిగేది ఒక్క మనిషినే. ఆమె సావుకారు చెల్లెలు. భర్త పోయాక చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని అన్న ఇంటికి వచ్చేసింది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ణి. గ్రాఫ్ కాగితాల మీద కొత్త డిజైన్లు గీసేది ఆమే. అంచుకు ఏ రంగు పట్టాలో, నేసి తెచ్చిన వాటిలో ఏ చీర అంగడికి పోవాలో చెప్పేదీ ఆమే. సావుకారు బేరాలూ బ్యాంకూ చూసుకునేవాడు.

అందుకే ఆమె కోసం ఒక రోల్ రాశాను. ఆమె ఒప్పుకుంటేనే డిజైన్ మగ్గం మీదికి పోతుంది. ఆ రోల్‌తో పని సాఫీగా సాగుతుందని నాకు నమ్మకం.

హిందూపురం అంగడిలో సావుకారు నేను రోల్స్ రాసిచ్చిన కాగితం చదివి, ఆమె ఉన్న వరుసను పెన్నుతో కొట్టేశాడు. కోపంగా కూడా లేడు.

"ఆయమ్మి పని ఆయమ్మి చేస్తానే ఉంటాది. పేరు మాత్రం వద్దు," అన్నాడు.

పేరు లేకుంటే ఎవరు ఒప్పుకున్నారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదన్నాను.

"తెలీకూడదనే చెప్తాండా. ఈ పొద్దు కంప్యూటర్లో అధికారం రాసిస్తే, రేప్పొద్దున నాకూ భాగముండాది అంటాది."

మా ఓనర్ దగ్గరికి పోయి చెప్పుకున్నాను. అది వాళ్లింటి విషయం, వాళ్లు చెప్పినట్టు చెయ్యమన్నాడు. చివరికి సావుకారు తన లాగిన్‌నే ధర్మవరం కంప్యూటర్‌లో పెట్టించి, పాస్‌వర్డ్ చెల్లెలికి చెప్పాడు. ఇలా చేస్తే ఆమె చేసే ప్రతి పనీ మీ పేరు మీదే నమోదవుతుందని మళ్లీ చెప్పాను. ఆయనకు కావలసింది అదే.

అక్క త్వరగా నేర్చుకుంది. మొదటి డిజైన్ ఒప్పుకున్న రోజున స్క్రీన్ మీద అన్న పేరు పడటం చూసి నా వైపు తిరిగింది.

"ఏమప్పా, దీంట్లో నేను యాడుండా?"

లేవక్కా అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే మార్గం నాకు దొరకలేదు. ఆమె మళ్లీ మౌస్ అందుకుంది. ఇంకో డిజైన్ తెరిచింది.

కొన్నేళ్లు అట్లాగే నడిచింది. నేరేడుపండు రంగుకు లేత పసుపు అంచు వేయించింది ఆమే. ఆ చీర కోసమని బెంగళూరు వ్యాపారులు హిందూపురం అంగడికి వచ్చేవాళ్లు. నేను రిపేరుకు పోయినప్పుడల్లా బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టి, కూతురు చదువు గురించి చెప్పేది. ఆ పిల్లను కాలేజీకి పంపాలని ఆమె ఆశ.

సావుకారు కొడుకు బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చాడు. ఆ తర్వాత ఒక పొద్దున అక్క ఫోన్ చేసి, పాస్‌వర్డ్ పడటం లేదనీ, తన చేతిదే తప్పేమో చూడమనీ అంది. నేను పోయేసరికి ఆమె కుర్చీలో మేనల్లుడు ఉన్నాడు. పాస్‌వర్డ్ మార్చింది అతనే. అక్క గడప దగ్గర నిలబడి ఉంది. చదువుకున్న పిల్లోడు వచ్చినాడు, ఇంక నువ్వు విశ్రాంతి తీసుకో అని సావుకారు మర్యాదగానే చెప్పాడు. గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే కనీసం నలుగురికీ తెలిసేది.

కొన్నాళ్లకు ఆమె బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. బెంగళూరులో ఒక పట్టుచీరల షోరూమ్‌లో డిజైన్లు చూసుకునే ఉద్యోగం ఉందట. ఇంతకుముందు ఆ పని చేసినట్టు ఏదైనా రుజువు తెమ్మన్నారట. గీసిన కాగితాలన్నీ అంగడివేనని అన్న ఇవ్వలేదు.

"నేను ఒప్పుకున్న డిజైన్లన్నీ దాంట్లోనే ఉండాయి కదప్పా. ఒక ప్రింటు తీసియ్యి చాలు."

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మా ఆఫీసులో ఉన్న బ్యాకప్ కాపీలో మధ్యాహ్నమంతా వెతికాను. తారీకులున్నాయి, రంగుల పేర్లున్నాయి. ఎక్కడ తెరిచినా ఒప్పుకున్నవారి పేరు దగ్గర ఆమె అన్న పేరే. దాని వెనక ఇంకో మనిషి ఉందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఆఫీసు తరఫున ఉత్తరం ఇవ్వడానికి మా ఓనర్ ఒప్పుకోలేదు. తెల్లకాగితం మీద నేనే రాసి సంతకం పెట్టిచ్చాను. షోరూమ్ వాళ్లు అది చదివి, ఈ అబ్బాయి మీకేమవుతాడని అడిగారట. ఉద్యోగం రాలేదు.

ఆమె అన్న ఇల్లు వదిలి పెనుకొండలో ఒక గది అద్దెకు తీసుకుంది. నేను కూడా హిందూపురం ఆఫీసులో పని మానుకోబోతూ, ఒకసారి పెనుకొండలో దిగి చూడటానికి పోయాను. తల్లీ కూతురూ వాకిలి దగ్గర చెరో చీర ఒళ్లో వేసుకుని కొంగులకు కుచ్చులు కడుతున్నారు. చీరలు ఎవరివో, చీరకింతని కూలి. కూతురు ఇంటర్‌తోనే చదువు ఆపేసింది. నేను గుమ్మంలో నిలబడి, ఏదైనా సాయం కావాలా అక్కా అని అడిగాను. ఏం సాయం చేయగలనో నాకే తెలియదు.

ఆమె తలెత్తలేదు.

"వెలుతురుకు అడ్డముండావు. కొంచెం జరగప్పా."

జరిగాను. ఇద్దరూ పనిలో పడ్డారు. నేను స్టేషన్‌కు నడిచాను.