టీచరమ్మ ఇచ్చిన ఎర్ర పెన్సిల్

మంగళవారం పొద్దున అంగన్‌వాడీలో పప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది. టీచరమ్మ కొడుకు. "అమ్మ పోయింది ఆయమ్మా" అన్నడు, అంతే. నాకు ప్రతిదానికీ భయమే, బుగులే. వాన పడితే బుగులు, పడకపోతే బుగులు. కానీ ఆమె నాకంటే రెండేళ్లు చిన్నది. నాకంటే ముందు పోతదని మాత్రం ఎన్నడూ బుగులు పడలే. బుగులు పడని ఆ ఒక్కటే జరిగింది.

ఆమెది కల్లూరు దిక్కు. భద్రాచలం దాటినంక అడవి అంచున ఉండే మా ఊరి బడికి టీచర్‌గా వచ్చింది, రిటైరైనంక కూడా ఇక్కడనే ఉండిపోయింది. నేను మూడో తరగతి దాకనే చదివిన. అంగన్‌వాడీలో ఆయాను. మధ్యాహ్నం పిల్లలను పండబెట్టేటప్పుడు ఏదో ఒక కథ అల్లి చెప్తుంట. ఒకరోజు టీచరమ్మ గుమ్మంల నిలబడి విన్నది.

"అక్కా, ఇది రాయి."

"నాకు ఒత్తులు రావు టీచరమ్మా."

"ఒత్తులు నేను పెడత. కథ నేను పెట్టలేను."

రాసిన. ఒక చిన్నపిల్ల నాయనమ్మతోని తెల్లారగట్ల ఇప్పపువ్వు ఏరబోతది, అక్కడ ఎలుగుబంటి కనబడతది. అంతే కథ.

పిల్లల కోసం పుస్తకం రాయాలని ఆశ ఉన్నోళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఆమె దిద్దే తీరు మీకు చెప్పాలె. నన్ను పిల్లల ముందల చాప మీద కూసోబెట్టి చదవమనేది. తను ఇంకో కాపీ ఒళ్లో పెట్టుకొని పక్కన కూసునేది. నన్ను చూడదు. పిల్లల మొఖాలే చూస్తది. ఏ మాట కాడ పిల్లల చూపు గోడ మీది బల్లి దిక్కు పోయిందో, ఆ మాట కింద ఎర్ర పెన్సిల్‌తోని ఒక గీత.

మొదటిసారి చూస్తే పేజీ పేజీకీ గీతలే. వాగు కాడికి పోవద్దు. ఒక్కదానివే నడవద్దు. పాముంటది, చూసి అడుగెయ్. గీతలన్నీ గిసుంటి మాటల కిందనే ఉన్నయ్.

"ఇవన్నీ ఎందుకు రాసినవ్ అక్కా?"

"పిల్లలు నేర్చుకుంటరని."

"వాళ్లు నేర్చుకుంటరనా, నీకు నిద్ర పడతదనా?" అని నవ్వింది. "బుగులు నీది, కథ వాళ్లది. నీ మూట వాళ్ల నెత్తిన పెట్టకు."

నాకు మస్తు కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలే. మూడోనాడు అన్నీ కొట్టేసి ఒక్కటి మాత్రం ఉంచుకున్న: "నాయనమ్మ కొంగు పట్టుకో." టీచరమ్మ చదివి, "ఉండనియ్. ముసలిది కూడా కథల ఉండాలె గదా" అన్నది.

హైదరాబాద్‌ల పుస్తకాలు వేసేటోళ్లకు పంపినం. నాలుగు నెలలకు వద్దని తిరిగొచ్చింది. నేను ఏడ్చిన. ఆమె ఏమో, "తిరిగొచ్చింది గదా, దానికి ఇల్లు తెలుసన్నట్టు. అన్నం పెట్టి మళ్లా పంపుదాం" అన్నది. ఆ అన్నం ఏందంటే, మళ్లా చాప, మళ్లా పిల్లలు, మళ్లా ఎర్ర పెన్సిల్. ఇంకోచోటికి పంపేముందు వాళ్లు వేసిన పుస్తకాలు నాలుగు తెప్పించి నాతోని చదివించింది. "మన పిల్ల ఆ ఇంట్ల ఇముడుతదా లేదా చూసుకోవాలె గదా అక్కా." ఈసారి వాళ్లు తీసుకున్నరు. ఒప్పందం కాగితం వస్తే ప్రతి లైనూ పైకి చదివించింది. అర్థం కాని కాడ అడుగు, అడగకుండ సంతకం పెట్టకు అన్నది.

తర్వాత పుస్తకానికని వాళ్ల దగ్గరి పిల్ల ఒకతె వేసిన బొమ్మలు ఫోన్‌ల వచ్చినయ్. ఎంత ముద్దుగున్నయో. కానీ మూడో పేజీల మా కథలోని పిల్ల కొమ్మెక్కి ఇప్పపువ్వు తెంపుతున్నది. ఇప్పపువ్వు ఎవరన్నా తెంపుతరా? అది తనంతట తనే రాలుతది. ముందే చెట్టు కింద ఊడ్చిపెట్టుకొని, తెల్లారగట్ల వంగి ఏరుకుంటం. మా దిక్కు పిల్లలు ఆ బొమ్మ చూస్తే నవ్వుతరు, పుస్తకం పక్కన పడేస్తరు. వారంల అచ్చుకు పోతదని వాళ్ల మెసేజ్.

అప్పటికి టీచరమ్మ ఖమ్మంల దవాఖానాలో ఉంది. పోయి చూపించిన. "మీరే ఫోన్ చేయండి టీచరమ్మా. నేను తప్పు పడితే కోపమొచ్చి పుస్తకమే ఆపేస్తరు" అన్న.

ఊపిరి అందుతలేదు ఆమెకు. అయినా నవ్వింది. "ఆ పిల్లకు బొమ్మ తెలుసు. నీకు పువ్వు తెలుసు. నువ్వే చెయ్యక్కా." దిండు కింద నుంచి ఎర్ర పెన్సిల్ తీసి నా చేతుల పెట్టింది. చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలింది.

సరే అన్న. చెయ్యలే. నాలుగు రోజులు ఫోన్ కొంగున కట్టుకొని తిరిగిన. ఐదోనాడే ఆ మంగళవారం.

ఆమెను సాగనంపి వచ్చిన మరునాడు పొద్దున చేసిన. బొమ్మలొచ్చిన నంబరుకే. బొమ్మలు వేసిన పిల్లనే ఎత్తింది.

"తల్లీ, ఆ పువ్వు తెంపరు. అది రాలుతది" అన్న, పేరు కూడా చెప్పకుండ.

"అయ్యో అమ్మమ్మా, రాలుతుందా? నేనెప్పుడూ చూడలేదండీ. ఆగండి, ప్రింట్ ఆపమంటాను. కింద ఎలా పడి ఉంటాయో చెప్పండి."

గంటసేపు చెప్పిన. కోపం చేస్తదని నేను బుగులుపడ్డ పిల్ల, ఎలుగుబంటి ఎట్ల వంగి తింటదో కూడా అడిగి రాసుకున్నది. ఫోన్ పెట్టేసి, "చేసిన టీచరమ్మా" అని చెబుదామని ఆమె నంబరు తీసిన. తీసి, ఆగిన.

కొత్త బొమ్మ వచ్చింది. నేలంతా పువ్వులే. జిరాక్స్ షాపుల రంగుల కాగితం తీయించి నిన్న చాప పరిచిన. పెన్సిల్ ఒళ్లో పెట్టుకొని, పిల్లల మొఖాలు చూసుకుంట చదివిన. "నాయనమ్మ కొంగు పట్టుకో" అన్న కాడ నాలుగేళ్ల పిల్ల ఒకతె లేచొచ్చి నా కొంగు పట్టుకున్నది. ఇంకో చేత్తోని కాగితం మీది పువ్వును రెండు వేళ్లతో ఏరబోయింది. అది చేతికి రాలే. పక్కదాన్ని పట్టింది. "ఇది వచ్చింది ఆయమ్మా" అని, ఖాళీ పిడికిలి తెచ్చి నా ఒళ్లో, పెన్సిల్ పక్కన పోసింది. కొంగు వదలకుండనే మళ్లా వంగింది.