చెవులపిల్లి అరచెయ్యి

మా మామగారిని వీధిలో అందరూ చెవులపిల్లి అంటారు. ఎదురుగా కాదు లెండి, చాటుగానే. బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే, మా మెకానిక్ షెడ్డులో కూర్చుని "దానికి బెల్టు వదులైంది" అని చెప్పేసేవారు. ఆయనకు ఆ పేరంటే లోలోపల ముచ్చటే. అలాంటి మనిషికి చెవులు పోయాయి. ముందు కుక్కరు కూత వినపడటం మానేసింది, తర్వాత మనవరాలి కబుర్లు, ఆఖరికి ఇంజను.

ఈ సంగతి బయటికి పొక్కడం మా ఆయనకు ఇష్టం లేదు. "మెకానిక్కుకి చెవుడని తెలిస్తే మన దగ్గరికి బండి ఎవడు తెస్తాడే?" అని తండ్రిని వెనకగదిలో నట్లు, బోల్టులు ఏరడానికి కూర్చోబెట్టాడు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పేవాడు. నేను అదే షెడ్డులో ఓ మూల మిషను వేసుకుని సీటు కవర్లు కుడతాను. ఆయనలా తలవంచుకుని నట్లు ఏరుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. మొగుడితో పోట్లాడాను కూడా. రోజూ పోట్లాటే తప్ప ఫలితం లేదు.

అంతలో పరుపుల వ్యాపారి పాత పికప్ ట్రక్కు వచ్చి పడింది. బాగానే నడుస్తూ నడుస్తూ, ఎత్తు ఎక్కే ఎక్కుడు రోడ్డు మీద ఉన్నట్టుండి లాగడం మానేస్తుందట. ఎంత తొక్కినా ఊపు ఉండదు. కాసేపు పక్కన ఆపితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది. మా ఆయన డీజిల్ ఫిల్టర్ మార్చాడు, గాలి ఫిల్టర్ దులిపాడు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కడిగాడు. షెడ్డులో బండి బుద్ధిమంతురాలు. రోడ్డెక్కితే మళ్లీ మొదటికే.

"నిన్న పరుపులతో సహా వెనక్కి జారాను. వెనకాల స్కూటర్ మీద ఎవరో పిల్లతల్లి. కొద్దిలో తప్పింది. ఇక దీన్ని తుక్కు కింద అమ్మేస్తా" అన్నాడు వ్యాపారి. ఆ బండి తప్ప అతనికి వేరే ఆధారం లేదు. మాట అంటున్నాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను లేచి వెనకగదిలోకి వెళ్లి, మామగారి చెవి దగ్గర గట్టిగా అంతా చెప్పాను. మా ఆయన కళ్లెర్రజేశాడు. చేసుకోనీ.

మామగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "ఆగాక నువ్వేం చేస్తావు?" అని వ్యాపారిని అడిగి, అతని పెదాల వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఏం చెయ్యను. పక్కకి తీసి టీ తాగొస్తా. తిరిగొచ్చేసరికి బాగైపోతుంది."

ఆ మాట నేను మళ్లీ చెవిలో వేశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "పరుపులు ఎక్కించు. ఇప్పుడే పోదాం" అన్నారు.

వ్యాపారి నడిపాడు, పక్కన మామగారు. నేనూ మా ఆయనా వెనక పరుపుల మీద. ఊరు దాటి ఎక్కుడు సగానికి వచ్చేసరికి ఇంజను గొంతు పడిపోయింది. బండి పక్కకి తీయగానే మా ఆయన బానెట్ వైపు పరిగెత్తాడు.

"దాన్ని ముట్టుకోకురా, ఇటు రా" అని మామగారు డీజిల్ ట్యాంకు దగ్గరికి నడిచారు. మూత తిప్పి తీసీ తీయగానే ట్యాంకు మూతి మీద అరచెయ్యి వేశారు. లోపల్నించి ఎవరో గుంజినట్టు చెయ్యి అతుక్కుపోయింది. మరుక్షణం దాన్ని తీసి కొడుకు చెయ్యి అక్కడ ఆనించారు. సుయ్‌మని గాలి లోపలికి పోతున్న చప్పుడు మాకు వినిపించింది. ఆయనకు వినపడే ప్రశ్నే లేదు.

మూత తిరగేస్తే లోపల మడతపెట్టిన పాలిథిన్ కవరు.

"వాన నీళ్లు దిగుతున్నాయని నేనే పెట్టాను. డీజిల్ కొట్టించినప్పుడల్లా మళ్లీ నేనే సర్దుతా" అన్నాడు వ్యాపారి, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

"ఇన్నిసార్లు వచ్చావు, చెప్పలేదేం?" అన్నాడు మా ఆయన.

"కవరు గురించి కూడా చెప్పాలా అండీ?"

మామగారు కవరు నలిపి జేబులో పెట్టుకున్నారు. "డీజిల్ తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. మూతకి అందుకే సన్నని రంధ్రం ఉంది. నువ్వు దాన్ని మూశావు. లోపల గాలి లేకపోతే పంపు పాపం ఎంతకని లాగుతుంది? నువ్వు టీ తాగొచ్చేలోగా గాలి సందుల్లోంచి మెల్లగా చేరుతోంది, బండి బాగైపోతోంది."

ఆ రోజు బండి ఎక్కుడు దాటి, అవతల దిగి, మళ్లీ ఎక్కింది. ఎక్కడా తడబడలేదు. షెడ్డుకి తిరిగొచ్చాక సంగతి విని, కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎదురు దుకాణం వాడు నవ్వాడు. ఆ ఎలుక ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు కదా నాయనా అన్నాను. గర్వంగానే అన్నాను, దాచుకోవడం దేనికి.

మా ఆయన మాత్రం రాత్రి భోజనం దగ్గర అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి తన అరచెయ్యి చూసుకున్నాడు.

పొద్దున్నే ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. బండి కింద పడుకున్న మా ఆయన దగ్గర వంగి, ఇంజనులో ఏదో శబ్దం వస్తోందని మొదలుపెట్టాడు. మా ఆయన వెనకగది వైపు చెయ్యి చూపించాడు.

"మా నాన్నకి చెప్పండి. ఆయనకి చెవులు వినపడవు, కాస్త గట్టిగా చెప్పండి" అన్నాడు, వీధి వీధంతా వినేలా.