పరలోకం నుంచి దిగిన గోంగూర

దేవుడి మీద విశ్వాసం ఉంచి నష్టపోయినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. విశ్వాసం ఉందని పదిమందికీ చూపించబోయి నష్టపోయినవాణ్ణి మాత్రం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తుంటాను. ఇది ఆయనగారి కథే. నిండు ఆరాధనలో, అటు మగవాళ్ళూ ఇటు ఆడవాళ్ళూ చాపల మీద కూర్చుని వింటుండగా, నా పరువు నా నోటితోనే ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి. మా ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ మొహమాటపడలేదు.

డెబ్బైల చివరి రోజులు. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి గనిలో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. గుమాస్తా అనగానే ఫ్యాను కింద ఉద్యోగం అనుకోకండి. గట్టి వాన పడితే గని గుంట చెరువయ్యేది. రాయి రాదు, రాయి లేకపోతే లారీ రాదు, లారీ లేకపోతే నాకు జీతం రాదు. నీళ్ళు తోడి, బురద ఎండి, మళ్ళీ మొదటి లారీ కాటా ఎక్కేదాకా నేను ఇంట్లో గోడకి ఆనించిన నిచ్చెనలాంటివాణ్ణి. ఉపయోగం తక్కువ, అడ్డం ఎక్కువ.

ఈ సంగతి నాకంటే బాగా అర్థమైంది మా ఆవిడ సుగుణకి. తను నందిగామ పిల్ల. పెళ్ళై మా పెంకుటింట్లో అడుగుపెట్టిన రోజున ముందు అటక వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. అటక నచ్చింది.

మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉంది. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఓ గుప్పెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్ళి కానుకగా ఇస్తారు. సుగుణ ఆ గుప్పెడు వేశాక ఇంకో గుప్పెడు కూడా తీసేది. అది వానల కుండలోకి.

"దేవుడికో గుప్పెడు, వానలకో గుప్పెడు. మరి నాకో?" అనేవాణ్ణి.

"మిగిలిందంతా మీకేగా. కరువొచ్చినవాడిలా అడుగుతారేంటండీ?" అనేది.

ఎండాకాలం ముగిసేసరికి మా అటక చూడాలి. వానల కుండ పక్కన ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టిన కందులు, చింతపండు ముద్దలు, ఊరమిరపకాయలు. అన్నిటికీ మధ్యన, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురిలా, మూతికి నీలం గుడ్డ కట్టించుకుని గోంగూర పచ్చడి జాడీ. ఆ అటక కింద పడుకుంటే నాకు రాజాధిరాజుల నిద్ర పట్టేది. అలాంటి నిద్రని నేనే చెడగొట్టుకున్నాను.

ఆ ఏడు చలి మొదలవుతుండగా మా చర్చిలో రెండు సాయంత్రాల ప్రార్థన కూటాలు పెట్టారు. సుగుణ ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకి జ్వరం తగిలి నీరసపడిందంటే తీసుకొద్దామని నందిగామ వెళ్ళింది. మొదటి సాయంత్రం మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పక్షుల గురించి చెప్పారు. పక్షులు విత్తనం చల్లవు, కోత కోయవు, గాదె కట్టుకోవు, అయినా తండ్రి వాటికి తిండి పెడుతూనే ఉన్నాడు అన్నారు. ఆయన చెబుతుంటే నాకు మా అటకే కళ్ళముందు కనపడింది. అది అటక కాదు, అవిశ్వాసపు గాదె అనిపించింది. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా కనపడింది. అదంతా దానం చేసేస్తే ఆదివారంనాడు జనం నన్ను ఎలా చూస్తారో, ఆ చూపు.

మర్నాడు కాటా దగ్గర్నుంచి తొందరగా వచ్చి, అటక మొత్తం దించి, రిక్షాలో పెట్టించి అయ్యగారింటికి తీసుకెళ్ళాను. ఆయన కూటానికి బయల్దేరి వెళ్ళిపోయారు. వాళ్ళావిడ, మేమందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ, గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటి ప్రకాశం, ఇల్లు మారుతున్నారా?"

"లేదండమ్మగారూ. విశ్వాసంలో ఎదుగుతున్నా."

"ఎదగడానికి జాడీలెందుకయ్యా దించావు?"

"ఇవన్నీ రేపటి దిగులు మూటలండి. పక్షులకి జాడీలున్నాయా? పేదవాళ్ళెవరికైనా పంచిపెట్టండి."

"సుగుణకి చెప్పావా?"

"మనిషినడిగి చేస్తే అది విశ్వాసమెలా అవుద్దండి?"

ఆవిడ నన్ను తల నుంచి పాదాలదాకా చూశారు. సంతలో పగిలిన కుండని వేలితో కొట్టి చూస్తారే, అలా. చూసి, "సరే, మా మంచం కింద సర్దు. పేదవాళ్ళెవరో త్వరలోనే తెలుస్తుందిలే" అన్నారు.

ఆ మాటలో నాకేమీ వినపడలేదు. కుండలు దించి, మోసి, సర్దిన అలసటకి నడుం పట్టేసింది. రెండో సాయంత్రం కూటానికి వెళ్ళకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. వెళ్ళలేదన్న ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రెండు రోజులకి సుగుణ వాళ్ళమ్మని తీసుకుని నందిగామ బస్సు దిగింది. అప్పటికే తుపాను మబ్బు పట్టి తుంపర మొదలైంది. మా అత్తగారు దుప్పటి ముసుగులో పావలా వంతు మనిషిగా మిగిలారు. కింది డబ్బాలో బియ్యం నేను తినేసి ఖాళీ చేశాను కాబట్టి, ఆవిడకి జావ కాద్దామని సుగుణ నిచ్చెన ఎక్కింది. ఎక్కినామె అక్కడే ఉండిపోయింది.

"ఏవండీ, మనింట్లో దొంగలు పడ్డారా?"

"దొంగలు కాదు. నేనే."

"మీరే ఏంటి?"

నేను పక్షుల సంగతి మొత్తం చెప్పాను. అయ్యగారికంటే బాగానే చెప్పాననుకుంటాను. తను అటక మీంచే వింది.

"అంటే మా అమ్మకి జావ కాయడానికి కూడా బియ్యం లేవు."

"ఆయన పంపిస్తాడు సుగుణా. పక్షులకి పంపట్లేదా?"

మంచం మీద దుప్పటి కదిలింది. "పక్షులు తెల్లారకముందే లేచి తిండికి పోతాయి అల్లుడుగారూ. మీరు ఎండెక్కాకగానీ లేవరని మా అమ్మాయి చెప్పింది" అన్నారు అత్తగారు లోపలినుంచి.

సుగుణ అరిస్తే బాగుండేది. అరవలేదు. నిచ్చెన దిగి చివరి మెట్టు మీద కూర్చుని తన అరచేయి చూసుకుంది. "ఏడాది పట్టిందండీ ఆ కుండ నిండటానికి. ఒక్కో గుప్పెడూ" అంది. తర్వాత లేచి కొంగు దోపుకుంది. "సరే. ఆయన పెట్టింది వండుతా. పెట్టని పూట పస్తు. పస్తని మా అమ్మకి చెప్పే పని మాత్రం మీదే." అయ్యగారింటికెళ్ళి ప్రార్థన చేయించుకొస్తానని గొడుగు తీసుకుని వెళ్ళింది. వచ్చేటప్పుడు మొహం తేటగా ఉంది. ప్రార్థన అంటే అదీ అనుకున్నాను.

ఆ సాయంత్రానికే తుపాను విరుచుకుపడింది. గని గుంట నిండిపోయింది. వాగులు పొంగి నందిగామ బస్సులు ఆగిపోయాయి. బజారులో మోకాటి లోతు నీళ్ళు నిలిచి కొట్లన్నీ మూతపడ్డాయి. నా చూపు వంటింట్లో దేవుడి కుండ మీదకి పోయింది.

"అది ఆయనది. కావాలంటే ఆయన్నడగండి" అంది సుగుణ.

ఆ పూట వాళ్ళమ్మకి నందిగామ నుంచి తెచ్చిన రొట్టె పాలల్లో ముంచి పెట్టింది. నాకు మంచినీళ్ళిచ్చింది. అడక్కుండానే రెండో గ్లాసు కూడా ఇచ్చింది. మొదటిసారిగా భయమేసింది. నా ఆకలికి కాదు. దుప్పటి కింద ఉన్న ఆ ముసలి ప్రాణం నా నమ్మకానికి జామీను ఇవ్వలేదు కదా అని.

పొద్దున్నే లేచి, అవునండీ, తెల్లారకముందే లేచి ముందుగదిలో మోకరించాను. మనసారా అడిగాను. ఆమేన్ అనేసరికి వెనక వసారాలో గిన్నె చప్పుడైంది. వెళ్ళి చూస్తే విస్తరాకు మూత పెట్టిన గిన్నె. అందులో బియ్యం, పైన కందిపప్పు పొట్లం, చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి. గిన్నెని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను.

"సుగుణా, చూశావా?"

"చూస్తున్నానండీ."

"ఎవరు తెచ్చుంటారు?"

"మీరే చెప్పారుగా ఎవరు పంపిస్తారో."

వసారా మూల గొడుగు ఒకటి నీళ్ళోడుతూ ఆరేసి ఉంది. నేను దాన్ని జాగ్రత్తగా దాటుకుంటూ వెళ్ళి ఆకాశంవైపు చేతులెత్తాను.

ఆ వాన తెరిపివ్వని రోజులన్నీ అంతే. నేను ముందుగదిలో మోకరించడం, వెనక వసారాలో గిన్నె చప్పుడవడం. మీకు ఈపాటికే అంతా అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నేను విశ్వాసంలో ఉన్నాను.

అత్తగారు జావతో కోలుకుని అన్నంలోకి వచ్చారు. మొదటి ముద్దలో గోంగూర కలుపుకుని కాసేపు నమిలి, "ఈ పచ్చడి ఎక్కడో తిన్నట్టుందే" అన్నారు.

"పరలోకంలో తినుంటారు" అన్నాను.

"ఇంకా పోలేదు బాబూ" అన్నారావిడ.

సుగుణకి పొలమారింది. నీళ్ళిచ్చి వీపు తట్టాను.

వాన వెలిసిన ఆదివారం వచ్చింది. మా చర్చిలో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం. అయ్యగారు సాక్ష్యాలకి సమయమిస్తానని అనబోతుంటే, ఆ మాట పూర్తికాకముందే నేను లేచాను. అటక దించడం దగ్గర్నుంచి మొదలుపెట్టి తుపాను మీదుగా గిన్నెదాకా వచ్చాను. మధ్యలో గొంతు వణికించాను కూడా. జనం కళ్ళు విప్పార్చుకుని వింటున్నారు. అక్కడితో కూర్చుని ఉంటే ఈపాటికి నేను సంఘపెద్దనయ్యేవాణ్ణి.

"మరి ఆ గోంగూర సంగతి చెప్పాలి" అన్నాను. "నా భార్య కూడా పచ్చడి పెడుతుంది. తన విశ్వాసం చిన్నది, తన పచ్చడిలో ఉప్పు పెద్దది. ఇది అలా కాదు. పులుపు, కారం, ఉప్పు అన్నీ సమంగా ఉన్నాయి. మనిషి చెయ్యి పడిన వంట కాదని నాలిక మీద పెట్టగానే తెలిసిపోయింది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఏదో కిసుక్కుమంది. మా వీధి చివర ఉండే దీనమ్మ పెద్దమ్మ చేతికర్ర ఆనించుకుని లేచింది.

"మనిషి చెయ్యి పడలేదా నాయనా? మరి నా చెయ్యేమైపోయిందిరా? ఎండలో కూర్చుని నేనూ మీ ఆవిడా ఆ పండుమిరపకాయలు దంచితే నా భుజం ఇవాళ్టికీ పైకి లేవట్లా."

"అది వేరే పచ్చడి పెద్దమ్మా. అది పేదవాళ్ళకి ఇచ్చేశా."

ముందు చాపలో కూర్చున్న అమ్మగారు నెమ్మదిగా ఇటు తిరిగారు. "నువ్విచ్చావు, నేను పంచా ప్రకాశం. మంచం కింది జాడీలోంచి రోజూ ఇంత తీసి నేనిస్తే, గొడుగేసుకుని సుగుణ పట్టుకెళ్ళింది. ఈ తుపాన్లో మన సంఘంలో పస్తున్న పేదవాళ్ళ ఇల్లు ఒక్కటే కనపడింది నాకు. ఏం చెయ్యను, అది మీదైంది."

వెనక చాపలోంచి మా అత్తగారి గొంతు స్పష్టంగా వినపడింది. "నేను అప్పుడే అన్నా, ఎక్కడో తిన్నానని."

అంతే. చాపలు చాపల మీద పడ్డట్టు జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. హార్మోనియం వాయించే ఆయన దాని మెట్ల మీద తల ఆనించేసరికి అది కూడా భోరుమంది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ప్రార్థన చేసుకుందాం" అన్నారుగానీ ప్రార్థన మొదలవడానికి చాలాసేపు పట్టింది.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను గుమ్మం దగ్గర ఆపారు. "రెండో సాయంత్రం నువ్వు కూటానికి రాలేదు కదూ?"

"అటక దించి అలసిపోయానండీ."

"పక్షుల గురించి చెప్పింది సగమే ప్రకాశం. మిగతా సగం రెండో సాయంత్రం చెప్పా. ఎండాకాలంలో తిండి కూడబెట్టుకునే చీమల గురించి."

ఇంటికి వెళ్ళేదారిలో అత్తగారు ముందు నడుస్తున్నారు. సుగుణ నా పక్కన నడుస్తోంది. తన విశ్వాసం చిన్నదని నలుగురిలో అన్న మాటకి క్షమించమని అడగబోయి, వేరే మాట అడిగాను.

"నాకు ముందే చెప్పొచ్చుగా సుగుణా?"

"చెప్తే మీ ప్రార్థన ఆగిపోద్దని. పెళ్ళయ్యాక మీరు అంత పొద్దున్నే లేచింది ఈ వారమే." కొంచెం దూరం నడిచాక అంది, "అయినా దేవుడు పంపలేదని నేనెప్పుడన్నా? పంపాడు. ఎండాకాలంలోనే పంపాడు. నేను దాచా. మీరు దించారు."

మర్నాడు జాడీలన్నీ రిక్షాలో తెచ్చి నేనే అటకెక్కించాను. ఆ రోజు నుంచి వానల కుండలో గుప్పెడు వేసే పని నాది. నా గుప్పిట పెద్దది కాబట్టి కుండ త్వరగా నిండుతోందని సుగుణ ఒప్పుకుంది. నా గురించి తను మెచ్చుకున్న మొదటి సంగతి అదే. ఆ మెప్పుతో ఇన్నేళ్ళూ హాయిగా బతికేస్తున్నాను.

అందుచేత, ఈ కథ చదివినవాళ్ళందరి ఎదుటా నిండు మనసుతో ఒట్టు పెడుతున్నాను. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంటే తప్ప అటక ఎక్కను. రెండో సాయంత్రం కూడా ఉన్న కూటాల్లో మొదటి సాయంత్రం విన్నది పట్టుకుని ఏ పనీ చెయ్యను. దేవుడి మేలుకి సాక్ష్యం చెప్పాలనిపిస్తే తప్పకుండా లేచి చెబుతాను. కానీ లేచేముందు ఒక్కసారి ఇంటికెళ్ళి, వసారాలో గొడుగు తడిసి ఉందేమో చూసుకుని వస్తాను.