ఆదినారాయణప్ప నడుమూ, ఆయన హంపూ

నగరం అంచున ఉన్న వర్తూరులో మా వీధికి అధికారికంగా ఒక పేరుంది. అది నా పన్ను రసీదుల మీద తప్ప మరెక్కడా కనిపించదు. లోకానికి తెలిసిన పేరు 'ఆదినారాయణప్ప హంపు'. బండ్ల వేగం తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా పోసే తారు గట్టు పేరు ఒక వీధికి రావడం నాగరికతలో ఏ దశో పండితులు తేల్చాలి.

ఆదినారాయణప్ప మా పక్కింటివాడు. సంతవీధిలో ఇనుప సామాన్ల అంగడి నడుపుతాడు. ఆయన తాత రాగులు పండించిన చేనులో ఇప్పుడొక అపార్టుమెంటు నిలిచింది. దాని ఇంగ్లీషు పేరు పలకడానికి ఆయనకు నోరు తిరగదు. ఆ వంశం పేరు మోసే రాయి ఒక్కటి కూడా ఊళ్లో మిగలలేదు. ఇంతలో పక్క వీధి పెద్దమునియప్ప ఇంటి ముందు ఒక హంపు వెలిసింది. మరుసటి ఏడు మా వీధికి తారు వేయడానికి వచ్చిన పనివాళ్లకు ఆదినారాయణప్ప రాగిముద్ద, చారు కడుపునిండా పెట్టించాడు. మిగిలిన తారంతా ఆయన గుమ్మం ముందు గట్టుగా మారింది. అది పెద్దమునియప్ప హంపు కంటే జానెడు ఎత్తు.

తొలగించమని నేను నగరపాలక కార్యాలయానికి అర్జీ పెట్టాను. తమ రికార్డుల్లో అటువంటి హంపు లేదనీ, లేనిదానిని తొలగించే అధికారం తమకు లేదనీ జవాబు వచ్చింది. తర్కశాస్త్ర విద్యార్థులు కోరితే ప్రతి ఇవ్వగలను.

హంపు వల్ల ఆదినారాయణప్పకు రెండు ఫలితాలు దక్కాయి. మొదటిది కీర్తి. ఇంటింటికీ భోజనం మోసే కుర్రవాళ్లు ఫోనులో ఆయన పేరు చెప్పుకొని దారులు వెతుక్కునేవారు. ఆయన కాఫీ లోటాతో అరుగు మీద నిలబడి ఆ మాటలు వినేవాడు. రెండవది నడుమునొప్పి. అంగడికీ ఇంటికీ మధ్య రోజంతా స్కూటరు మీద తిరిగే మనిషి ఎన్నిసార్లు తన కీర్తిని ఎక్కి దిగాలో ఊహించుకోవచ్చు.

కానీ ఆయన ఊహించలేదు. నూనెలు రాయించాడు, బెల్టు కట్టాడు, పరుపు తీసి బల్ల మీద పడుకున్నాడు, నగరంలోని మడివాళకు పోయి అయస్కాంతపు మంచం మీద దొర్లాడు. ఆయన తెచ్చిన కరపత్రాలన్నీ నా దగ్గర ఉన్నాయి. అన్నింటిలోనూ 'శాశ్వత ఉపశమనం' అని ఉంది. ఒక్క నడుముకు అన్ని శాశ్వతాలు ఎందుకో ఏ ఒక్కటీ చెప్పలేదు. చివరికి ఆయన కూర్చోలేక, నిలబడలేక, అంగడిని బాడుగకు ఇచ్చే మాట ఎత్తాడు. అంగడి లేని ఆదినారాయణప్పను ఎవరూ ఎరుగరు, ఆయనతో సహా.

అప్పుడు భార్య అక్కయమ్మ ఆయనను ఫిజియోథెరపిస్టు నళిని దగ్గరకు లాక్కుపోయింది. నళిని మందు రాయకుండా, రోజు ఎలా గడుస్తుందో అడిగింది. తర్వాత అక్కయమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, మీరూ రోజూ అదే స్కూటర్‌లో వెళ్తారు కదా, మీకు పెయిన్ లేదా?"

"నాకెందుకుంటాదమ్మా? హంపు వస్తానే దిగి, నడిచి దాటతా. ఈయప్పకు చెప్తే, మన హంపు మనల్నేం చేస్తాదే అంటాడు."

హంపు తీయించడమో, అంగడికి స్వస్తి చెప్పడమో తేల్చుకోమంది నళిని.

ఆదివారం ఇద్దరు కూలీలు గునపాలతో వచ్చారు. నేను కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాను. మొదటి పోటు పడబోతుండగా ఒక డెలివరీ కుర్రవాడు బండి ఆపి, ఫోనులో అన్నాడు: "సార్, ఆదినారాయణప్ప హంపు కాడ ఉండా. ఈడ్నించి ఎట్ల రావల్ల?"

ఆదినారాయణప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "నిలపండప్పా. మా తాత పేరు పాయ, మా నాయన పేరు పాయ. నాదొకటి తారులోనన్నా ఉండాది. ఉండనీండి."

"పేరు నిలబడితే సరా? నువ్వు నిలబడేది వద్దా?" అంది అక్కయమ్మ.

ఆయన కూలీలను పంపేసి, స్కూటరును తోసుకొచ్చి హంపుకు ఇవతలే, మా గేటుకు అడ్డంగా నిలిపి, భార్య వెనకే హంపును నడిచి దాటి ఇంట్లోకి పోయాడు. నాటి నుంచి అదే ఏర్పాటు. కొన్ని నెలలకు నొప్పి పోయింది. బెల్టుతో ఇప్పుడు అంగడిలో పైపుల కట్ట బిగించి ఉంది.

నడుము నయమైనందుకు నాకు నిజంగానే సంతోషం. సహించలేనిది ఆ తరువాతి ప్రచారం. "హంపు లేకుంటే నేను దిగతానా అప్పా? నా నడుం బాగుచేసింది అదే" అని అంగడికి వచ్చినవారందరికీ చెబుతున్నాడు. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక హంపు కావాలని సంతకాలు కూడా మొదలయ్యాయి.

ఆ స్కూటరుకూ గేటుకూ మధ్య సందులోంచి ఒంటిని మెలితిప్పి బయటపడడం నాకు అలవాటయింది. మొన్న అలా తిరుగుతుండగా నా నడుము పట్టేసింది. నళిని దగ్గరకు పోవడానికి ఆటోకు ఫోను చేశాను. రసీదుల మీద ఉన్న వీధి పేరు స్పష్టంగా చెప్పాను. అది ఎక్కడో తనకు తెలియదన్నాడు డ్రైవరు. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే జవాబు. నొప్పి తొడలోకి పాకుతోంది.

"ఆదినారాయణప్ప హంపు" అన్నాను.

"అట్ల చెప్పండి సార్, వస్తాండా" అన్నాడు.