బలం సూది

మా అక్క మనవరాలు నంద్యాలలో డిగ్రీ చదువుతూ నా దగ్గరే ఉంటోంది. మొన్న ఒక సాయంత్రం ఫోను నా ముందు పెట్టి, చిన్నవ్వా, ఈ పాఠం కొంచెం చెప్పవా అంది. పాడే పక్షుల మెదడు గురించిన పాఠం అది. మగపక్షి మెదడులో పాటను నడిపే భాగాలు పెద్దవిగా, ఆడపక్షిలో చిన్నవిగా ఉంటాయనీ, కొన్ని జాతుల్లో ఆడదానికి మగ హార్మోను ఇస్తే ఆ భాగాలు పెరిగి అదీ పాట అందుకుంటుందనీ రాసి ఉంది. కళ్లజోడు సర్దుకుని నాలుగు పంక్తులు చదివానో లేదో ఫోను బోర్లా పెట్టేశాను. తలనొప్పిగా ఉందని అబద్ధమాడి పిల్లను పంపేశాను.

దొర్నిపాడు పొలాల్లో కూలికి పోయి అక్కనూ నన్నూ చదివించిన నాయన కూతురికి కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఎంత గొప్పో నా వయసు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. జీవశాస్త్ర శాఖలో మా సారొకరు డాక్టరేటు కోసం కర్నూలు నుంచి కేనరీ పిట్టలు తెప్పించి ల్యాబు వెనక గదిలో పంజరాల్లో పెట్టారు. వాటికి గింజలూ నీళ్లూ పెట్టడం, వారానికోసారి పెట్టపిట్టల రొమ్ము కండలో నూనెలో కరిగించిన మగ హార్మోను సూది వేయడం, ఏది ఎప్పుడు పాడిందో రికార్డులో రాయడం నా పని. మొదటి పది రోజులూ కిచకిచలు తప్ప ఏమీ లేదు. తరువాత ఒక ఉదయం నేను తలుపు తీసేసరికి మూగదనుకున్న పెట్ట గొంతు ఉబ్బించి పాడుతోంది. పరుగెత్తుకెళ్లి సారును పిలుచుకొచ్చాను. మందు ఆపిన కొన్ని వారాలకు ఆ పాట సన్నగిల్లి నిలిచిపోయింది, అదీ నేనే రాశాను. చివరికి వాటి మెదళ్లను పల్చగా కోసి, రంగు పట్టించి, గాజు పలకల మీద పరిచింది కూడా నేనే. పాట ఉండే చోటు ఆవగింజలో సగమైనా లేని మచ్చ. దాన్ని చూసినందుకు నాకు నేలమీద కాళ్లు నిలిచేవి కావు, ఇంటికెళ్లినా పిట్టల కబుర్లే.

అక్క అప్పటికి ఆళ్లగడ్డలో టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మొదటి చరణం ఆమె ఒక్కతే ఎత్తుకోవాలి, తరువాతే జనం అందుకోవాలి, అది అక్కడి పద్ధతి. అక్క జ్వరపడిన ఆదివారాల్లో ఫాదరు గారు, ఈ రోజు పాటలు తక్కువే పెట్టుకుందాం అని నవ్వేవారట. మా బావ ఆమెను చూడకముందే వెనక బల్ల మీద కూర్చుని ఆ గొంతు విని, పెళ్లాడితే ఈ పిల్లనే అన్నాడని అక్క అత్తగారే చెప్పుకునేది.

ఆ ఏడాది అక్కకు టైఫాయిడు వచ్చి తగ్గింది గానీ నీరసం తగ్గలేదు. మా వైపు నీరసమంటే మందు అడగరు, బలం సూది అడుగుతారు. సూది వేయని డాక్టరు డాక్టరే కాదు. ఊళ్లో కాంపౌండరు పని చేసి చేసి తానే డాక్టరైన పెద్దమనిషి ఒకాయన వారానికొకటి చొప్పున వేయడం మొదలుపెట్టాడు. అక్కకు ఆకలి పుట్టింది, ముఖాన కాస్త కళ వచ్చింది, అందరూ ఆయన హస్తవాసిని మెచ్చుకున్నారు.

నేను వెళ్లిన శనివారం అక్క ఖాళీ సీసా ఒకటి నాకోసమే దాచి చూపించింది.

"మే, ఈ సూదులేసుకున్న కాన్నుంచి గొంతు బొంగురు పోతాంది. ఇంగా నాలుగుండాయి. ఏపిచ్చుకునేదా, ఇడ్సిపెట్టేదా? నీకు తెల్సుగదా ఇయ్యన్నీ."

సీసా తిప్పి చూశాను. గాజుకు అంటుకున్న నూనె నేను రోజూ చూసేదే. సీసా మీది పేరు మొదట్లో వేరుగా ఉన్నా, చివరి అక్షరాలు మా పిట్టల మందువే, రెండూ ఒకే కుటుంబానివి. నోటిదాకా వచ్చింది. కానీ గడపలో బావ నిలబడి ఉన్నాడు, ఇది మగవాళ్ల హార్మోను లాంటిదని ఆయన ముందు ఎలా అనను? పైగా మనిషి ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. ఇవన్నీ సాకులే, అసలు సంగతి చెబుతాను. నాకు జవాబు తెలుసనుకున్నాను. నా రికార్డులో నా చేత్తో రాసుకున్న జవాబు.

"ఏం కాదులేక్కా. సూదులైపోయినంక అదే పోతాది. మా పిట్టలకు గూడా అట్లే పాయ."

అక్క నిశ్చింతగా నవ్వింది. మిగిలిన నాలుగూ వేయించుకుంది.

పిట్టల్లో ముఖ్యంగా మారింది మెదడులోని మచ్చ, అది పెరగనూ గలదు, తరగనూ గలదు. మనిషిలో మందు వెళ్లి తాకింది గొంతులోని తీగలను, అవి ఒకసారి మందమెక్కితే మళ్లీ సన్నబడవు. ఈ తేడా నేను ఆ తరువాత లైబ్రరీలో కూర్చుని చదివి తెలుసుకున్నాను. అప్పటికి ఆరు నెలలు దాటింది. అక్కకు ఆ సూదులతో గడ్డం కింద మొలిచిన వెంట్రుకలు కొంత తగ్గాయి గానీ పాత గొంతు తిరిగి రాలేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి అక్క పాట ఎత్తుకుంది. అది మగవాడి గొంతూ కాదు, ఆమె గొంతూ కాదు, మధ్యలో చీలిపోయింది. జనం అందుకోలేకపోయారు. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. అక్క పుస్తకం మూసి కూర్చుంది, మళ్లీ చర్చిలో పెదవి కదపలేదు. మా వైపు కోడిపెట్ట గనక పుంజులా కూస్తే ఇంటికి అరిష్టమని ఆ పూటే కోసేస్తారు. అత్తగారు ఆమెను ఏమీ అనలేదు గానీ, పెట్ట కూసిన కొంప అని పొరుగామెతో అంటుంటే అక్క వంటింట్లోంచి విన్నది. ఒకసారి నంద్యాల బస్సులో అక్క నంద్యాలకని చెప్పగానే, ఆ గొంతు విని కండక్టరు టిక్కెట్ల పుస్తకం నుంచి తల ఎత్తకుండానే "ఎన్ని టిక్కెట్లు, అన్నా?" అని అడిగితే, పక్కనే ఉన్న నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేళ్లతో రెండు టిక్కెట్లని చూపించింది. అంతటి మనిషి బడిలో కూడా నోరు విప్పడం తగ్గించి, పాఠమంతా బోర్డు మీద రాసి రిటైరైంది.

సారుకు డాక్టరేటు వచ్చింది. పుస్తకం ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ కాపీ నేను ఎవరికీ చూపించలేదు.

ఫోనులో ఆ పాఠం చూసిన మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్నది అక్క ముందు కక్కేశాను, సీసా చూడగానే గుర్తుపట్టాననీ, తెలిసీ చెప్పలేదనీ. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అంది.

"నాకప్పుడే తెల్సులే మే. సీసా చూసినప్పుడు నీ మొగం మారింది, చూసినా నేను. అదేందో గట్టిమందే అనుకుంటి. అంత తెల్సినదానివి నువ్వే పోతాదంటివి, ఇంగ భయమేందని ఏపిచ్చుకుంటి."

కోపంగా అన్నా బాగుండేది. ఆ బొంగురు గొంతుతో ఎంతో మామూలుగా అంది, అని, అన్నం తిని పోదువులే అని లేచింది.

బస్సులో తిరిగి వస్తూ అదే ఆలోచించాను. ఇప్పుడు మందు పెట్టెలోనే సన్నక్షరాల కాగితం ఉంటుంది, అది చదవకపోయినా ఫోనును అడిగితే మందు కథంతా చెబుతుంది, నాలుగో తరగతి పిల్లలు కూడా డాక్టరును ఎందుకు ఏమిటని అడుగుతున్నారు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో చదువుకున్న మనిషి ఒక్కరే ఉండేవాళ్లు, వాళ్ల మాటే కాగితం, వాళ్ల మాటే డాక్టరు. మా అక్క చదివిన కాగితం నా ముఖం. అది సరిగానే చదివింది, నమ్మింది మాత్రం నా నోటిని.